అరువు మాటల్లో అసలు రాజు

పన్నెండు వందల ఏళ్ల కిందట పశ్చిమ యూరప్‌లో చాలా భాగాన్ని ఏలిన ఫ్రాంకుల రాజు షార్లమేన్ చక్రవర్తి ఎలా ఉండేవాడు? ఆయన కొలువులో ఏళ్ల తరబడి మసలిన ఐన్‌హార్డ్ రాసిపెట్టాడు. భారీ మనిషి, దిట్టమైన ఒళ్లు. గుండ్రటి తల, పెద్ద పెద్ద చురుకైన కళ్లు, కాస్త పొడుగనిపించే ముక్కు, అందంగా నెరిసిన జుట్టు. మెడ లావు, పొట్టి. పొట్ట కొంచెం ముందుకు ఉండేది. ఫోటోలు లేని కాలానికి ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా ఒకటే. ఈ మాటల్లో చాలావరకు షార్లమేన్ కోసం పుట్టినవి కావు. ఐన్‌హార్డ్ కలం పట్టడానికి ఏడు వందల ఏళ్ల ముందు స్వెటోనియస్ అనే రోమన్ రచయిత పన్నెండు మంది సీజర్ల, అంటే రోమన్ పాలకుల, జీవితాలు రాశాడు. "కోర్పోరే ఫుయిత్ అంప్లో అత్క్వే రోబుస్తో", అంటే "విశాలమైన, బలమైన దేహం కలవాడు" అనే మాట పొల్లు పోకుండా అక్కడ టైబీరియస్‌ది. ఆ పెద్ద కళ్లూ టైబీరియస్‌వే, వాటిలో చురుకు మాత్రం జూలియస్ సీజర్‌ది. నెరిసిన జుట్టు క్లాడియస్‌ది. లావు మెడ నీరోది, పొట్ట టైటస్‌ది. పాత విగ్రహాల నుంచి తలా ఒక ముక్క ఊడదీసి కొత్తది అతికించినట్టుంది.

ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు ఎవరికైనా మోసపోయామనే అనిపిస్తుంది. పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు చూసి రాసినవాణ్ని పట్టుకున్నట్టు ఉంటుంది. మధ్యయుగపు లాటిన్ సాహిత్యాన్ని చరిత్రకు ఆధారంగా వాడుకోవాలనుకునే ప్రతివాడికీ తొలి మెట్టు మీదే ఎదురయ్యే రాయి ఇది. ఆ రచయితలు కళ్లతో చూసినదాన్ని కూడా పుస్తకంలో చదివిన మాటలతోనే చెబుతారు. మరి చూసింది ఎంత, చదివింది ఎంత?

జర్మనీలో 1819లో "మోనుమెంటా గెర్మానియే హిస్టోరికా" అనే సంస్థ పుట్టింది. మధ్యయుగపు లాటిన్ గ్రంథాలను రాతప్రతులతో పోల్చి, శుద్ధపాఠం తేల్చి, అచ్చు వేయడం దాని పని. ఇప్పటికీ అదే పనిలో ఉంది. దాని చరిత్ర గ్రంథాల సంపుటాలు తెరిస్తే ఒక తమాషా కనబడుతుంది. రచయిత పాత పుస్తకాల నుంచి తీసుకున్న వాక్యాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి, సొంతంగా రాసినవి మామూలు అక్షరాల్లో ఉంటాయి. పేజీ తిప్పగానే ఏది చదవాలో ఏది దాటేయాలో కన్నే చెప్పేస్తుంది. సంస్థ వేసిన కొన్ని మహిమల కథల్లో చారిత్రక విషయం లేదనుకున్న భాగాలను సంపాదకులు అసలు అచ్చే వేయలేదు.

మన శాసనాలు చదివేవాళ్లకు ఈ అలవాటు కొత్తేమీ కాదు. నాలుగు సముద్రాల దాకా ఏలాడు అనే ప్రశస్తిని దాటేసి, ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎన్ని పుట్ల భూమి అన్న దగ్గర ఆగుతాం. తప్పు కాదు. కానీ ఆ ప్రశస్తి కూడా ఎవరో ఒక మనిషి, ఒక కొలువులో, ఒక అవసరం కోసం కూర్చున్నదే.

సాహిత్యం వాళ్లు దీనికి అవతలి ఒడ్డున నిలబడ్డారు. 1948లో ఎర్న్‌స్ట్ రోబెర్ట్ కుర్ట్సియుస్ అనే జర్మన్ పండితుడు యూరప్ సాహిత్యం, లాటిన్ మధ్యయుగం గురించి ఒక బృహద్గ్రంథం వేశాడు. వందల ఏళ్ల పాటు రచయితలు మళ్లీ మళ్లీ వాడుకున్న పోత అచ్చులను ఆయన వెతికి పట్టాడు. వాటిని "టోపోస్" అంటారు. నేను అల్పుణ్ని, నాకు రాయడం రాదు, పెద్దల బలవంతం మీద రాస్తున్నాను అని పీఠికలో మొదలుపెట్టడం అలాంటి అచ్చుల్లో ఒకటి. కుర్ట్సియుస్ తర్వాత వచ్చినవాళ్లకు మధ్యయుగపు వాక్యం ఏది చూపించినా ఇది రోమన్ కవి వర్జిల్‌లో ఉంది, అది రోమన్ వక్త సిసెరోలో ఉంది అని మూలం చెప్పడం తేలికైంది. అక్కడితో ఆగిపోవడం ఇంకా తేలికైంది. ఆ సంవత్సరంలో, ఆ ఊళ్లో, ఆ మనిషి ఆ పాత మాటను ఎందుకు ఎంచుకున్నాడన్నది చరిత్రకారుల పని అనుకున్నారు. చరిత్రకారులేమో దాన్ని చిన్న అక్షరాల్లోకి తోసేశారు. నా లెక్కలో అసలు సరుకు ఈ రెండు ఒడ్ల మధ్య నీళ్లలో ఉండిపోయింది.

ఐన్‌హార్డ్ దగ్గరికే తిరిగి వెళదాం. ఆయన ఫుల్డా మఠంలో చదువుకున్నాడు. స్వెటోనియస్ రాతప్రతి ఆ మఠం గ్రంథాలయంలో ఉండేది. తర్వాత షార్లమేన్ కొలువులో చేరాడు. పొట్టివాడు, ఆయన పుస్తకానికి పీఠిక రాసిన వాలాఫ్రిడ్ అనే సన్యాసి, చూడ్డానికి ఆనని మనిషి అని మొహమాటం లేకుండా రాశాడు. 814 జనవరి 28న షార్లమేన్ చనిపోయాక కొన్నేళ్లకు ఐన్‌హార్డ్ ఈ చిన్న జీవిత చరిత్ర రాశాడు. ముందుమాటలో తాను అనాగరికుణ్నని, రోమన్ల భాషలో తనకు వాసన కూడా సరిగా లేదని వాపోతాడు. ఆ వాపోవడమే చక్కటి లాటిన్‌లో ఉంటుంది, మధ్యలో సిసెరో మాట ఒకటి ఉదహరిస్తాడు కూడా. చేతకాదంటూనే చేతనైనదంతా చూపించడం మనకూ తెలిసిన విద్యే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. లాటిన్ అప్పటికి ఎవరి అమ్మభాషా కాదు. 813లో నేటి ఫ్రాన్స్‌లోని తూర్‌లో కూడిన బిషప్పుల సభ, చర్చిలో ప్రసంగాలను జనానికి అర్థమయ్యేలా పల్లె రోమన్ భాషలోకో జర్మన్ భాషలోకో మార్చి చెప్పండని తీర్మానించింది. అంటే లాటిన్ బడిలో బెత్తం కింద నేర్చుకునే భాష. మనకు సంస్కృతం ఎలాగో వాళ్లకు ఇది అలాగ. విడి మాటలు కాదు, వర్జిల్ పాదాలు, కీర్తనల చరణాలు, సిసెరో వాక్యాలు కంఠస్థం అయ్యేవి. కాబట్టి రాయడానికి కూర్చున్నవాడి నోట్లో ముందే అల్లి ఉన్న మాటల జంటలు తిరుగుతుంటాయి. పాత పెద్దల మాట తన వాక్యంలో మెరిస్తే అది దొంగతనం అనిపించుకోదు, చదువు అనిపించుకుంటుంది.

అలాంటప్పుడు అచ్చు ఉందా లేదా అని అడిగి లాభం లేదు. అచ్చు ఎక్కడ సరిపోక పక్కకు జరిగిందో చూడాలి. టైబీరియస్ ఎత్తు గురించి స్వెటోనియస్ "ఉండాల్సిన దానికన్నా ఎక్కువ" అన్నాడు. ఐన్‌హార్డ్ వాక్యం కట్టు అలాగే ఉంచి ఒక చిన్న "కాదు" చేర్చాడు. షార్లమేన్ పొడగరే గానీ ఉండాల్సిన దాన్ని మించలేదు, తన పాదాల కొలతలో ఏడు అడుగులు ఉండేవాడు అని. పాత వాక్యాన్ని గుడ్డిగా దించేసేవాడు ఆ "కాదు" రాయడు. ఎదుట మనిషిని పెట్టుకుని దుస్తులు సరిచేసే దర్జీ రాస్తాడు. నేటి జర్మనీలోని ఆఖెన్‌లో షార్లమేన్‌వని భద్రపరిచిన ఎముకల్లో కాలి ఎముకను కొలిచి 2010లో వెలువరించిన అంచనా ప్రకారం ఆయన ఎత్తు సుమారు 1.84 మీటర్లు. పొడగరే. రాక్షసుడు మాత్రం కాదు.

ఇంతకన్నా నాకు నచ్చిన చోటు ఇంకొకటి. స్వెటోనియస్ ప్రతి సీజర్ చదువు సంధ్యల గురించి చెబుతాడు. టైటస్ ఎవరి చేతిరాతనైనా దించేసేవాడట, కావాలంటే గొప్ప ఫోర్జరీగాణ్ని అయ్యేవాణ్నని తనే అనేవాడట. ఆ గదిలోకి వచ్చేసరికి ఐన్‌హార్డ్ తన రాజు గురించి ఏం రాశాడో చూడండి. షార్లమేన్ రాయడం నేర్చుకోవాలని ప్రయత్నించేవాడు. మైనపు పలకలు, చిన్న పుస్తకాలు మంచం మీద తలగడ కింద పెట్టుకునేవాడు. తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు దిద్ది చేయి అలవాటు చేసుకోవాలని. కానీ వేళ దాటాక మొదలైన పని కావడంతో పెద్దగా కలిసిరాలేదు. గది స్వెటోనియస్‌ది, అందులో ఉన్న మనిషి మాత్రం యూరప్‌లో సగాన్ని గెలిచి, "అ" దగ్గర తడబడిన ముసలాయన. పొగడ్త కోసం రాసేవాడు కల్పించే వివరం కాదది. కాల్చిన మాంసం మానేసి ఉడకబెట్టింది తినమన్నందుకు ఆయనకు వైద్యులంటే గిట్టేది కాదన్న మాట కూడా నాకు అంతే నిజం అనిపిస్తుంది.

అసలు సీజర్ల అచ్చునే ఎంచుకోవడం చిన్న విషయం కాదు. అప్పటికి జీవిత చరిత్ర అంటే సన్యాసి చరిత్ర. 4వ శతాబ్దం చివర సుల్పీసియుస్ సెవెరుస్ రాసిన సెయింట్ మార్టిన్ చరిత్ర అందరికీ ఒరవడి. పుట్టుకలో వింత, బాల్యంలో భక్తి, మహిమలు, మరణం, సమాధి దగ్గర మరిన్ని మహిమలు. ఆ ఒరవడి చేతిలో ఉండగా దాన్ని పక్కన పెట్టి, అన్యమత చక్రవర్తుల మీద కొంత వెటకారంగా రాసిన పుస్తకాన్ని ఐన్‌హార్డ్ నమూనాగా తీసుకున్నాడు. షార్లమేన్‌ను సన్యాసుల పక్కన కాదు, అగస్టస్ పక్కన నిలబెట్టాలి అన్నది ఆయన వాదన. ఆ వాదనను ఎక్కడా నోరు తెరిచి చెప్పలేదు, మాటల ఎంపికతో చెప్పాడు. చిన్న అక్షరాలను దాటేసినవాడికి అది వినబడదు.

అయితే ఈ కొలబద్ద అన్నిచోట్లా పనిచేస్తుందని అనుకుంటే దెబ్బతింటాం. 800 డిసెంబర్ 25న రోమ్‌లో పోప్ లియో షార్లమేన్ తల మీద కిరీటం పెట్టాడు. పోప్ ఆలోచన ముందే తెలిసుంటే, ఎంత పెద్ద పండుగ రోజైనా ఆ చర్చిలో అడుగు పెట్టేవాణ్ని కాదని షార్లమేన్ అన్నాడని ఐన్‌హార్డ్ రాశాడు. నిజంగా కోపమా? లేక పదవి వద్దు వద్దంటూ పుచ్చుకోవడం అనే రోమన్ చక్రవర్తుల పాత మర్యాదా? వాక్యాన్ని ఎంత తిరగేసినా తేలదు. బయటికి వెళ్లాలి. లోర్ష్ మఠంలో దొరికిన వార్షిక వృత్తాంతాల ప్రకారం గ్రీకుల దగ్గర, అంటే కాన్‌స్టాంటినోపుల్‌లోని రోమన్ గద్దె మీద, స్త్రీ ఏలుతోంది కాబట్టి చక్రవర్తి స్థానం ఖాళీ అని పెద్దలు కూడి తేల్చి, షార్లమేన్‌ను అడిగితే ఆయన ఒప్పుకున్నాడు. ఇందులో ఆశ్చర్యపోయింది ఎవరూ లేరు. మరోవైపు 813లో కొడుకు లూయీకి పట్టం కట్టినప్పుడు ఆ తంతు ఆఖెన్‌లో జరిగింది, పోప్ ప్రమేయం లేకుండా. రెండూ కలిపి చూస్తే, కిరీటం మీద కన్నా అది ఇచ్చిన చేయి మీద ఆయనకు పేచీ ఉండి ఉంటుందని నాకు తోస్తుంది. పేచీ లేదనేవాళ్లూ ఉన్నారు.

మరణానికి ముందు కనబడిన శకునాలు ఇంకో రకం. స్వెటోనియస్‌లో అగస్టస్ విగ్రహం కింద సీజర్ అన్న పేరులోని మొదటి అక్షరం "సి" పిడుగుపాటుకు కరిగిపోతుంది. ఆ అక్షరం రోమన్ లెక్కలో నూరు. ఇక నూరు రోజులే అన్నమాట. ఐన్‌హార్డ్‌లో ఆఖెన్ చర్చి లోపల ఎర్ర అక్షరాలతో రాసిన శాసనంలో "కారోలుస్ ప్రింకెప్స్" అని ఉండేది. రాజు పోయిన ఏడాది, కొన్ని నెలల ముందు, "ప్రింకెప్స్" అన్న మాట కనబడనంతగా మాసిపోయింది. కిందికి కారిన వాన నీళ్లకు రంగు పోయిందా, లేక పుస్తకంలోని పిడుగు ఇక్కడికి ప్రయాణించిందా? ఏదైనా కావచ్చు. ఆ గోడను రోజూ చూసిన ఆస్థానంవాళ్లు ఉండగానే ఈ పుస్తకం చేతులు మారిందన్నది మాత్రం మరిచిపోకూడదు.

మహిమల కథలు చరిత్రకు పనికిరావు అన్నవాళ్లకు జవాబు కూడా ఐన్‌హార్డే ఇచ్చాడు. 827లో ఆయన మనిషి రాట్లైక్ రోమ్ వెళ్లి, మార్సెల్లినుస్, పీటర్ అనే ఇద్దరు పురాతన సాధువుల అస్థికలను రాత్రివేళ సమాధి తవ్వి పట్టుకొచ్చాడు. సూటిగా చెప్పాలంటే దొంగిలించాడు. ఐన్‌హార్డ్ ఆ కథను దాచకుండా, గర్వంగానే రాశాడు. ఆ అస్థికలు చివరికి చేరిన చోటే నేటి సెలిగెన్‌ష్టాట్. పుస్తకంలో ఆ తర్వాతదంతా కుంటివాళ్లు నడవడం, మూగవాళ్లు మాట్లాడటం. పరమ పోత అచ్చు. మధ్యలో పదహారేళ్ల అమ్మాయి కథ ఒకటుంది. ఆమెకు దెయ్యం పట్టింది. పూజారి లాటిన్‌లో ప్రశ్నిస్తే, తల్లిదండ్రుల భాష తప్ప ఇంకోటి రాని ఆ పిల్ల లాటిన్‌లో జవాబిచ్చింది.

దెయ్యం పేరు విగ్గో. నరకంలో ద్వారపాలకుణ్నట. కొన్నేళ్లుగా పదకొండు మంది తోటి దెయ్యాలతో కలిసి ఫ్రాంకుల రాజ్యాన్ని పాడుచేస్తున్నానని చెప్పింది. పైరునూ ద్రాక్షనూ నాశనం చేసింది మేమే, పశువుల తెగులూ మనుషుల రోగాలూ మా పనే అంది. నీకు ఆ అధికారం ఎలా వచ్చిందని పూజారి అడిగాడు. జనం పాపాల వల్ల, వాళ్ల మీద పెట్టిన అధికారుల అన్యాయాల వల్ల అని జవాబు. న్యాయం కన్నా కానుకలంటే ప్రీతి, దేవుడి కన్నా మనిషంటే భయం. బీదలను పీడిస్తారు, విధవలూ అనాథలూ మొరపెట్టుకుంటే వినరు. మిత్రుణ్ని మిత్రుడు నమ్మడు, అన్నను తమ్ముడు ద్వేషిస్తాడు. ఈ చిట్టా చదివాక ఐన్‌హార్డ్ నిట్టూరుస్తాడు. మంచివాళ్లకు బదులు దెయ్యాలు గురువులయ్యే రోజులొచ్చాయే అని.

లూయీ చక్రవర్తి పాలన బీటలు వారుతున్న రోజులవి. 830లో కొడుకులు తిరగబడ్డారు, 833లో కొంతకాలం గద్దె నుంచే దించేశారు. ఒక ముసలి ఆస్థానికుడు చక్రవర్తి ముఖం మీద అనలేని మాటలు దెయ్యం నోట పలికాయి. అవి లాటిన్‌లోనే ఎందుకు పలకాలి? ఆ పల్లె పిల్ల కోసం కాదు గదా. లాటిన్ చదవగలిగింది మఠమూ కొలువూ. ఫిర్యాదు వాళ్లకే. దెయ్యం ఉందా లేదా అని వాదించుకునేవాడికీ, దెయ్యం కథ కాబట్టి కత్తిరించేవాడికీ ఈ అర్జీ చేతికి అందదు. నన్నడిగితే ఆ దశాబ్దపు రాజకీయం గురించి ఇంత ఘాటైన పేజీలు తక్కువ.

భాష మార్పు కూడా సాక్ష్యమే. సిసెరో కాలపు నిఘంటువు పట్టుకుని ఈ గ్రంథాలు చదివితే అడుగడుగునా పడిపోతాం. "విల్లా" అప్పట్లో తోటలోని బంగళా. తర్వాత రైతులతో సహా పెద్ద భూస్వామ్యం. ఆ తర్వాత ఊరు. "కోమెస్" మొదట తోటివాడు, తర్వాత జిల్లాను ఏలే దొర. 1678లో ద్యు కాంజ్ అనే ఫ్రెంచి పండితుడు ఈ మారిన అర్థాలన్నీ ఏరి నిఘంటువు వేశాడు. ఇప్పటికీ అక్కరకొస్తుంది. ఇదే కత్తిని అంతకుముందే, 1440లో, ఇటలీ పండితుడు లొరెన్జో వల్లా వాడాడు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యాన్నే పోపులకు రాసిచ్చాడనే దానపత్రం ఒకటి శతాబ్దాలుగా చెల్లుబాటవుతోంది. అందులో రోమ్ పెద్దల పక్కన "సాత్రప్"లు, అంటే పర్షియా రాష్ట్రాల పాలకులు, కనబడతారు. రోమ్‌లో సాత్రప్‌లు ఎక్కడివాళ్లయ్యా అని వల్లా నిలదీశాడు. ఇలాంటివి ఏరి ఏరి ఆ పత్రం కాన్‌స్టాంటైన్ నాటిది కాదని తేల్చేశాడు. ఆయన పోప్‌తో తగవులో ఉన్న నేపుల్స్ రాజు జీతగాడు, అది వేరే సంగతి. దొంగ పత్రమని తేలాక దాని పని అయిపోలేదు. అది 4వ శతాబ్దానికి అబద్ధపు సాక్షి, తాను పుట్టిన 8వ శతాబ్దానికి మాత్రం మంచి సాక్షి. పోపులు అప్పుడు ఏం కోరుకున్నారో పూసగుచ్చినట్టు చెబుతుంది.

ఈ గొడవంతా మనకు దూరం అనుకోనక్కర్లేదు. మధ్యయుగపు యూరప్‌లో చదువుకున్నవాళ్లు మార్కో పోలో పుస్తకాన్ని ఎక్కువగా చదివింది లాటిన్‌లో. పోలో 1298లో జెనోవా చెరలో చెప్పగా ఫ్రెంచి, ఇటాలియన్ కలగలిసిన భాషలో రాసుకున్న దాన్ని ఫ్రాంచెస్కో పిపినో అనే డొమినికన్ సన్యాసి 14వ శతాబ్దం తొలినాళ్లలో లాటిన్‌లోకి మార్చాడు. కొలంబస్ అంచుల్లో గుర్తులు రాసుకున్న ప్రతి ఆ లాటిన్ అచ్చుదే. పోలో పుస్తకంలో ముత్ఫిలి అనే రాజ్యం వస్తుంది. అది మన మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న రేవు. భర్త పోయాక నలభై ఏళ్లుగా ఒక తెలివైన రాణి న్యాయంగా ఏలుతోందని అంటాడు. రుద్రమదేవి. ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. పైగా చందుపట్ల శాసనం ప్రకారం 1289 నాటికే ఆమె లేదు. రేవులో ఎవరో చెప్పింది పట్టుకొచ్చినట్టుంది. సాలెగూడంత పలచటి బట్టల గురించీ రాశాడు. 1244 నాటి గణపతిదేవుడి అభయ శాసనం ఆ రేవులోనే ఉంది. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకు ఇక లాక్కోం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకు ఇచ్చిన మాట. అలాంటి రేవుకు విదేశీ వర్తకుల కబుర్లు చేరడంలో వింత లేదు.

ఇక వజ్రాలు. పాములు నిండిన లోయలోకి మాంసం ముద్దలు విసురుతారు, వాటికి వజ్రాలు అంటుకుంటాయి, గద్దలు ఆ మాంసాన్ని పైకి తెస్తే మనుషులు తరిమి ఏరుకుంటారు. ఇది ముదురు పోత అచ్చు. 4వ శతాబ్దంలో సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ రత్నాల గురించి రాస్తూ దాదాపు ఇదే కథ చెప్పాడు, కాకపోతే అక్కడి లోయ సిథియాలో ఉంది. సింద్‌బాద్ కథల్లోనూ ఉంది. లోయ ఊళ్లు మారుతూ వచ్చింది. కానీ పోలో పాములకంటే ముందు ఇంకో పద్ధతి చెబుతాడు, ఎవరూ పట్టించుకోని పద్ధతి. వానలు పడ్డాక కొండల మీంచి నీళ్లు ఉరికి వస్తాయి, వాన వెలిశాక జనం ఆ వాగుల దారిలో వెతికితే వజ్రాలు దొరుకుతాయట. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో మూటాముల్లె సర్దుకుని వచ్చినవాళ్లు ఇప్పటికీ తల వంచుకుని నేల చూస్తూ తిరుగుతుంటారు.